డేగ ఎత్తుకెళ్ళిన పిల్ల, మనిషి ఎత్తుకెళ్ళిన పిల్ల

ఫిబ్రవరి నెలాఖరు నుంచి మన పల్లెల రూపమే మారిపోతుంది. మోదుగ, బూరుగ చెట్లు ఆకులు రాల్చి పూలతో నిండిపోతాయి. ఆ పూల చుట్టూ గోరింకలు, తేనెపిట్టలు, పిగిలిపిట్టలు పొద్దున్నే ముసురుకుంటాయి. పాలపిట్టలు ఆకాశంలో పైకెగిరి పల్టీలు కొడుతూ కిందికి దిగుతాయి. చిలుకలు చెట్టు తొర్రల్లో పిల్లల్ని సాకుతుంటాయి. తీతువు పిట్టయితే గూడు కూడా కట్టదు. బీడు నేలమీద గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది. ఏది రాయో, ఏది గుడ్డో దగ్గరికి వెళ్ళినా తెలియదు. ఎండ ముదిరితే అది చెరువుకు వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. ఈ ఉపాయం దానికి ఎవరు నేర్పారు?

ఇలాంటివి చూస్తూ గడపడం పనిలేనివారి కాలక్షేపమని కొందరు అనుకుంటారు. దివ్య ఖుర్‌ఆన్ అలా అనడం లేదు. రెక్కలు చాస్తూ, ముడుస్తూ తలపై ఎగిరే పక్షులను చూడటం లేదా అని ‘అల్ ముల్క్’ సూరా మానవుణ్ణి నిలదీస్తుంది. భూమ్మీద తిరిగే ప్రాణులూ, ఎగిరే పక్షులూ మనలాంటి సముదాయాలేనని ‘అల్ అన్‌ఆమ్’ సూరా తెలుపుతుంది. సులైమాన్ (అ) గారికి సబా రాజ్యం కబురు తెచ్చిన హుద్‌హుద్ పిట్ట మన చేలల్లోనూ కనిపిస్తుంది. తలపై విసనకర్రలా విచ్చుకునే జుట్టుతో, పొడవాటి ముక్కుతో నేలను పొడుస్తూ తిరుగుతుంది. ఆ సూరాను కంఠస్థం చేసినవారిలో ఎంతమంది ఆ పిట్టను గుర్తుపట్టగలరో!

అయితే ఓపికగా చూసేవారి కంటికి అందం ఒక్కటే కనబడదు. పిగిలిపిట్ట గూటి మీదికి డేగ దూకి పిల్లను తన్నుకుపోతుంది. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టి తన సంతానాన్ని పరుల చేత పెంచుకుంటుంది. ముంగిస గుడ్లను కొల్లగొడుతుంది. ఇదంతా చూసి కరుణామయుని సృష్టిలో ఇదేమిటని కలతచెందేవారు కొందరు. మరికొందరు దీన్నే తమకు సాకుగా మలచుకుంటారు. “తొర్రలోంచి చిలుక పిల్లను మేము తీయకపోతే ఏ పామో, ఏ డేగో తినేసేది. మా ఇంట్లోనైతే పళ్ళు తింటూ బతుకుతుంది కదా” అంటారు. ఈ మాట మనమంతా విన్నదే.

మొదట కలతచెందేవారి సంగతి. అల్లాహ్ తన కారుణ్యాన్ని వంద భాగాలు చేసి, అందులో ఒక్క భాగాన్నే భూమిపై అవతరింపజేశాడనీ, తల్లి జంతువు తన కాలు పిల్లకు తగలకుండా ఎత్తిపట్టడం ఆ ఒక్క భాగం వల్లనేననీ దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆ కారుణ్యంలో డేగకూ వాటా ఉంది. పిగిలిపిట్ట పిల్లను పట్టుకెళ్ళిన డేగ తన గూట్లో నోళ్ళు తెరిచి ఎదురుచూసే పిల్లల దగ్గరికే వెళుతుంది. దీనితో అన్ని ప్రశ్నలూ తీరిపోతాయని మేము అనడం లేదు. ప్రతి చావు వెనుకనున్న వివేకాన్ని లెక్కగట్టే జ్ఞానం మనకివ్వబడలేదు.

రెండోవారి వాదన మాత్రం నిలబడదు. ఎలాగూ చచ్చేదే కదా అనే తర్కం ఒప్పుకుంటే, తాళంలేని ఇంట్లో దూరిన దొంగ కూడా “నేను తీయకపోతే ఇంకొకడు తీసేవాడు” అనగలడు. ఆకాశాలూ, భూమీ, పర్వతాలూ భయపడి వద్దన్న అమానతును మానవుడు ఎత్తుకున్నాడు. డేగ ఎత్తుకోలేదు. దానికి షరీఅత్ లేదు, ఆకలి తీర్చుకునే మరో దారి లేదు. పిల్లను పట్టుకెళ్ళి అది బజారులో అమ్మదు. అందుకే దాని పని దౌర్జన్యం అనిపించుకోదు. మనిషి పని తప్పక విచారణకొస్తుంది.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒక ప్రయాణంలో సహచరులు చిన్న పిట్ట పిల్లలు రెండింటిని తీసుకున్నారు. తల్లి పిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లింది. అది చూసిన దైవప్రవక్త (స) పిల్లల్ని తీసి దీన్ని బాధించిందెవరని అడిగి, తిరిగి ఇచ్చేయమన్నారు. ఆ పిల్లలు గూట్లో బతుకుతాయా, డేగ పాలవుతాయా అన్న లెక్క అక్కడ రానే లేదు.

మరి అబూ ఉమైర్ అనే చిన్నారి దగ్గరున్న పిట్ట సంగతేమిటని విజ్ఞులైన పాఠకులు అడగవచ్చు. నిజమే. ప్రవక్త (స) ఆ బాలుణ్ణి పిట్ట గురించి ప్రేమగా పలకరించేవారు, పెంచుకోవడాన్ని తప్పుపట్టలేదు. దీన్నిబట్టి, బాధించకుండా, మేతనీళ్ళకు లోటు రానివ్వకుండా పక్షిని పెంచుకోవచ్చని ధర్మపండితులు చెప్పారు. పిల్లిని కట్టిపడేసి, తిండి పెట్టక, తిననివ్వక చంపిన స్త్రీ నరకానికి పోయిందన్న హదీసును కూడా దీని పక్కనే పెట్టి చదవాలి. పైగా మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. తొర్ర నుంచి బజారుకు చేరేలోపు గంపల్లో ఊపిరాడక చచ్చే పిల్లలెన్నో! వాటి బాధ్యత పట్టినవాడిదే కాదు, కొన్నవాడిది కూడా.

చేతితో పట్టడం ఒక్కటే బాధించడం కాదు. తీతువు అరిస్తే కీడనీ, గుడ్లగూబ వాలితే చావనీ రాళ్ళు విసిరేవారు మనలోనూ ఉన్నారు. శకునాలకు ఇస్లాంలో స్థానం లేదని ప్రవక్త (స) స్పష్టం చేశారు. గూటి దగ్గర నిలబడి సెల్‌ఫోనుతో ఫోటోలు తీసేవారు కూడా కాస్త ఆలోచించాలి. మనిషి నిలబడినంతసేపూ తల్లి గూటికి రాదు, ఎండకు గుడ్లు పాడవుతాయి. సులైమాన్ (అ) సైన్యం తెలియక తొక్కేస్తుందేమోనని చీమ తోటి చీమలను హెచ్చరించింది. బీడులో నడిచే మన కాళ్ళ కింద తీతువు గుడ్లుంటాయి.

ఇప్పటికే ఇంట్లో చిలుక ఉన్నవారు ఇది చదివి పంజరం తలుపు తెరిచి డాబా మీంచి వదిలేస్తే అది మేలు కాదు. పసికూనగా తెచ్చిన చిలుకకు మేత వెతుక్కోవడం రాదు, రెక్కలు కత్తిరించి ఉంటే ఎగరనూ లేదు. గంటలో కాకుల పాలవుతుంది. దాన్ని అటవీశాఖ వారికి అప్పగించాలి. అప్పగించేదాకా నీళ్ళు, మేత, నీడ చూడాలి.