పక్షుల పూట, పిల్లల పూట

నాయనా, మార్చి సెలవులకి పిల్లల్ని తీసుకుని ఆర్లాండో పోతున్నారని కోడలు ఫోన్‌లో చెప్పింది. బైనాక్యులర్ సర్దుకోవాలా వద్దా అని నువ్వు తటపటాయిస్తున్నావంట. సర్దుకో. చిన్నప్పుడు నేలపట్టు చెరువుగట్టున నిలబడి, కడప చెట్ల మీది గూడబాతుల్ని చూస్తూ అన్నం మాట మరిచినవాడివి. అట్లాంటి నిన్ను ఆ ఊరు పోయి తల దించుకుని తిరగమని నేనెట్లా చెప్తాను? కానీ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. పిల్లల పూటలోంచి నీ పక్షులకి గంట కూడా తీసుకోవద్దు. వాళ్లు ఏడాదిగా ఎదురుచూసిన రోజులవి. నాన్న చెయ్యి పట్టుకుని పరిగెత్తాలనుకున్న పిల్ల, ఆ నాన్న చెట్టుకొమ్మల్లోకి చూస్తూ నిలబడిపోతే పిట్టల మీదే కోపం పెంచుకుంటుంది. ఆ కోపం తొందరగా పోదు.

పైగా ఆ అవసరమూ లేదు. మీరు పోయే డిస్నీ వరల్డ్‌ని 1971లో తెరిచిన ఆ నేలంతా చిత్తడి, పైన్ అడవి. దాదాపు నలభై చదరపు మైళ్ల స్థలంలో మూడోవంతుకు దగ్గరగా అడవికీ నీటికీ వదిలేశారు. అందుకే పిట్టలు ఆ చోటు విడిచిపోలేదు. మన కంకణాలకు బంధువులైన వైట్ ఐబిస్‌లు వంకర ముక్కులతో హోటల్ పచ్చికలోనే పురుగులు ఏరుకుంటుంటాయి. చెరువు ఒడ్డున పాము మెడ ఆన్‌హింగా రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. నెత్తిన ఎర్రటోపీ పెట్టుకున్న శాండ్‌హిల్ కొంగలు రోడ్డు పక్కనే నడుస్తుంటాయి. వాటికి మేత వెయ్యడం ఫ్లోరిడాలో చట్టవిరుద్ధం, పిల్లలకి ముందే చెప్పిపెట్టు. క్యూలో నిలబడ్డప్పుడు ఒకసారి పైకి చూడు. మార్చి నాటికి దక్షిణ అమెరికా నుంచి స్వాలో టెయిల్డ్ కైట్ వచ్చేసి ఉంటుంది. నల్లటి చీలిన తోకతో, తెల్లటి ఒంటితో గాల్లో తేలే గద్ద అది. దానికి బైనాక్యులర్ అక్కర్లేదు, ఎవరు ముందు కనిపెడతారో పిల్లలతో పందెం వేస్తే చాలు.

పర్పుల్ మార్టిన్ గురించి కూడా వాళ్లకి చెప్పు. అమెరికా తూర్పు భాగాన ఆ పిట్ట ఇంచుమించు మనుషులు కట్టిన గూళ్లలోనే పిల్లల్ని పెడుతుంది. అక్కడి ఆదివాసులు ఎండిన సొరకాయ బుర్రలు కర్రలకి వేలాడదీసి దాన్ని పిలుచుకున్నారు. అవును, మన సొరకాయే. ఇప్పుడు ప్లాస్టిక్ బుర్రలు కూడా వచ్చాయి. డిస్నీ వాళ్లు కూడా తమ పార్కుల్లో వాటికి గూళ్లు పెట్టారు. మన పెరటి తీగకాయలో అమెజాన్ అడవి నుంచి వచ్చిన పిట్ట కాపురం పెడుతుందంటే మనవరాలు నిన్ను వదలకుండా ప్రశ్నలు వేస్తుంది, చూడు.

నీకంటూ ఉండేది తెల్లవారుజాము. గడియారాలు ముందుకు జరిపాక మార్చిలో అక్కడ ఏడున్నరకి గానీ పొద్దు పొడవదు. రాత్రి బాణసంచా చూసి పడుకున్న పిల్లలు లేచేలోగా నీకొక గంట దొరుకుతుంది. హోటల్ చెరువు చుట్టూ తిరిగిరా. దూరంనుంచి ఎవరో ఏడ్చినట్టు అరుపు వినబడితే అది లింప్‌కిన్. మన నత్తగుల్ల కొంగ లాగే నత్తల మీద బతికే పక్షి. గొంతులు పోల్చుకోవడానికి కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ యాప్ ఫోన్‌లో ఉంచుకో. నీటి అంచుకి మాత్రం పోవద్దు, ఆ ఊళ్లో చెరువంటే మొసలి ఉందనే అనుకోవాలి.

ఇంక ఒక్క పూట మాత్రం అందరూ కలిసి పోయేట్టు అడుగు. గేటర్‌ల్యాండ్‌కి పోండి. 1949 నుంచి ఉన్న మొసళ్ల పార్కు, పిల్లలు ఎగిరి గంతేస్తారు. మొసళ్లు పిల్లల్ని పెట్టే మడుగు మీదున్న చెట్లలోనే తెల్లకొంగలు, వుడ్ స్టార్క్‌లు వందల కొద్దీ గూళ్లు కడతాయి. ఎందుకంటావా? గుడ్లు దొంగిలించే రకూన్‌లు మొసళ్లకి భయపడి ఆ చెట్ల వైపు రావు. ఆ కాపలాకి కూలిగా గూట్లోంచి జారిపడ్డ పిల్ల మొసలి పాలవుతుంది, అది కూడా పిల్లలకి దాచకుండా చెప్పు. మన నేలపట్టులో, పక్షుల రెట్ట కలిసిన చెరువునీళ్లు పొలానికి బలమని ఊరివాళ్లే గూళ్లని కాచుకుంటారు కదా, అక్కడ ఆ పని మొసలి చేస్తోంది. వుడ్ స్టార్క్ మన ఎర్రకాళ్ల కొంగకి దగ్గరి చుట్టమే. 1984లో అది అమెరికాలో అంతరించిపోయే జాబితాకి ఎక్కింది, కాస్త కోలుకున్నాక 2014లో ఆ ముప్పు ఒక మెట్టు తగ్గించారు. తెల్లకొంగల వీపున జాలువారే ఈకలు చూపించు. ఆడవాళ్ల టోపీల మీద పెట్టుకోవడానికి ఆ ఈకల కోసమే వేటగాళ్లు ఫ్లోరిడా కొంగల గూళ్లని ఊడ్చేశారు. ఆ వేటకి అడ్డుకట్టగా ఆ రాష్ట్రంలోనే 1903లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ పెలికన్ దీవిని అమెరికాలో మొదటి కేంద్ర ప్రభుత్వ పక్షి శరణాలయం చేశాడు. గేటర్‌ల్యాండ్‌లో చెక్క వంతెన మీద నిలబడితే గూళ్లు కంటికి ఎదురుగానే ఉంటాయి, పిల్లని ఎత్తుకోవాల్సిన పని కూడా లేదు.

కెన్నెడీ స్పేస్ సెంటర్ చూడాలని మనవడు పట్టుబడితే ఇంకా మంచిది. దాని పక్కనే మెరిట్ ఐలాండ్ శరణాలయం, 1963 నాటిది. రాకెట్ల పక్కన చిత్తడినేలా, పక్షులూ. శ్రీహరికోటా పులికాట్టూ చూస్తూ పెరిగినవాడివి, నీకు కొత్తగా చెప్పాలా? ఆ శరణాలయంలోని బ్లాక్ పాయింట్ దారి ఏడు మైళ్లు, కారు దిగకుండానే గులాబీరంగు స్పూన్‌బిల్‌లు చూడొచ్చు. ఫ్లోరిడాలో తప్ప లోకంలో ఎక్కడా లేని స్క్రబ్ జే కూడా ఆ దీవిలో ఉంది. కనబడితే సంతోషం. కనబడకపోతే దాని కోసం ఇంకో రోజు అడగొద్దు. నీకు కష్టమని తెలిసే చెప్తున్నా, ఈసారికి వదిలెయ్.

చివరిగా కోడలి సంగతి. నువ్వు తెల్లారే లేచి పోయినప్పుడల్లా గదిలో పిల్లల భారం ఆ పిల్ల మీదే పడుతుంది. అందుకని ఒక పొద్దున నీదైతే, మర్నాటి పొద్దున ఆమెది. పడుకుంటుందో, ఒక్కతే పోయి ప్రశాంతంగా కాఫీ తాగుతుందో తన ఇష్టం. ఆ రోజు పిల్లల్ని లేపి, తల దువ్వి, ఫలహారం పెట్టడం నీ పని. ఈ ఒప్పందం ఇంట్లో ఉండగానే చేసుకో, అక్కడికి పోయాక కాదు.