స్మృతియు సాక్షియు

నేడు రాయపూరు నగరమున మోవా వీథులలో సంచరించువారికి, ఈ ప్రాంతమునకు రైలుమార్గము లేని కాలమును ఊహించుట కష్టము. 1877లో, పదునాలుగేండ్ల నరేంద్రుడు, అనగా తరువాతి వివేకానందస్వామి, రాయపూరున నున్న తండ్రికడకు నాగపూరు నుండి ఎడ్లబండిపై 15 దినములకు పైగా ప్రయాణించి వచ్చెను. త్రోవలో వింధ్యపర్వతముల నడుమ, ఒక కొండచీలికలో, ఎంతో కాలముగా తేనెటీగలు కట్టిన బృహత్తరమగు తేనెపట్టు నాతడు చూచెను. దాని వెనుకనున్న అనంతశక్తిని తలచుచు బాహ్యస్పృహ కోల్పోయెను. తెలివి వచ్చునప్పటికి బండి చాల దూరము సాగిపోయియుండెను. అట్లు ఎంతసేపుంటినో జ్ఞాపకము లేదని తరువాత నాతడే చెప్పెను.

సోదరులారా! జ్ఞాపకము లేదని యెరిగినదెవరు? గాఢనిద్ర నుండి లేచినవాడు 'సుఖముగా నిద్రించితిని, ఏమియు నెరుగను' అనుటయు నిట్టిదే. పతంజలి స్మృతిని పంచవృత్తులలో నొకటిగా గణించెను. వృత్తి వచ్చును, పోవును, సాక్షి నిలుచును. జ్ఞాపకము మార్పులేని చిత్రపటము కాదనియు, తలచినప్పుడెల్ల మనస్సు దానిని మరల కూర్చుననియు కేంబ్రిడ్జి పండితుడు బార్ట్‌లెట్ 1932లో ప్రతిపాదించెను. ఇట్లు మారుచుండునది 'నేను' ఎట్లగును?

కావున పాత అవమానమును నిత్యము నెమరువేయుచు, అదియే మీ స్వరూపమని భ్రమింపకుడు. వార్ధక్యమున మీ పేరు మరచిన తల్లియెడ సేవను సడలనీయకుడు. ఆమె స్మృతి తొలగెను. ఆమెయందలి దేవుడు తొలగలేదు.