వేరు కాపురం అధర్మమా? తేనెటీగ చెప్పే పాఠం

ఈ వారం వీడియోలో అవధూత యదు మహారాజుకు చెప్పిన 24 మంది గురువుల్లో తేనెటీగ గురించి మాట్లాడుకున్నాం. భాగవతం పదకొండో స్కంధంలోని ఘట్టం అది. పువ్వు నొచ్చుకోకుండా కొంచెం కొంచెం తీసుకోవడం ఒక పాఠం. కూడబెట్టి దాచుకున్నది చివరికి ఇంకెవరో పట్టుకుపోవడం రెండో పాఠం. అక్కడ చెప్పని మూడో పాఠం ఒకటుంది. తేనెటీగలు పెంచేవాళ్లకి అది బాగా తెలుసు. మీలో చాలామంది అడిగే ప్రశ్నకి జవాబు అందులో ఉందనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్రశ్న ఇదీ: "అమ్మానాన్నల్ని వదిలి వేరుగా ఉండాలనుకోవడం తప్పా గురువుగారూ?" కొత్తగా పెళ్లయిన అబ్బాయి అడుగుతాడు. వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిన అమ్మాయి అడుగుతుంది. అవతల తల్లి కూడా అడుగుతుంది, "మేమేం తక్కువ చేశామండీ?" అని.

ముందు ఆ తల్లికే చెబుతాను. తక్కువ చేసినందుకు కాదమ్మా, నిండినందుకు. ఆకలికో, చీమల బాధకో ఈగలన్నీ పట్టు వదిలి లేచిపోవడం ఒకటి. గుంపు రెండుగా విడిపోవడం పూర్తిగా వేరు. అది పూలు విరగబూసి, తేనె, పుప్పొడి సమృద్ధిగా వచ్చి, పిల్ల ఈగలతో పట్టు కిక్కిరిసినప్పుడు జరుగుతుంది. బలమైన గుంపే విడిపోతుంది. చోటు చాలదు, రాణి వాసన అందరికీ సమంగా అందదు. అప్పుడు కూలీ ఈగలు కొత్త రాణుల కోసం గదులు కట్టడం మొదలుపెడతాయి.

పెంపకందారు ఆ గదుల్ని చూసి గాభరాపడి అన్నీ కోసేశాడనుకోండి. పని అయిపోయిందా? లేదు. ఈగలు మళ్లీ కడతాయి. ఒక్క గది కంటికి కనపడకుండా ఉండిపోయినా చాలు, ఒక ఎండ పొద్దున గుంపు లేచిపోతుంది. ప్రాణులు తమ స్వభావాన్ని బట్టే నడుస్తాయి, బలవంతంగా అణిచితే ఏం లాభం అని గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు అడిగింది ఇదే కదా! అలాగని స్వభావం ఎటు లాగితే అటు పొమ్మనలేదు. రాగద్వేషాలకి లొంగొద్దని ఆ వెంటనే హెచ్చరించాడు.

తెలిసిన పెంపకందారు ఈ రెండింటి మధ్య దారి పడతాడు. సీజన్‌లో వారానికోసారి పెట్టె తెరిచి చూస్తాడు. ఇరుకు కాకముందే ఖాళీ ఫ్రేములు, పైన ఇంకో అర పెడతాడు. అయినా రాణి గదులు కనిపిస్తే తనే గుంపుని విడదీస్తాడు. పాత రాణిని కొన్ని పిల్ల ఫ్రేములతో, ఈగలతో కొత్త పెట్టెలోకి మార్చి, పాత పెట్టెలో ఒక మంచి రాణి గదిని ఉంచుతాడు. తెగిపోవాల్సింది రెండు ఇళ్లయి నిలబడుతుంది.

గమనించారా, కొత్త పెట్టెకి వెళ్లింది పాత రాణి! అడవిలో అయినా అంతే. తేనెతో నిండిన ఇల్లు కూతురికి వదిలి తల్లి బయల్దేరుతుంది. వెళ్లే ముందు కూలీ ఈగలు ఆమెకి తిండి తగ్గిస్తాయి, ఎగరగలిగేలా ఒళ్లు తేలికవుతుంది. వెంట వెళ్లే ఈగలు కొన్ని రోజులకి సరిపడా తేనె పొట్టలో నింపుకుంటాయి. మిగతాదంతా అక్కడే వదిలేస్తాయి. మన పెద్దలు వానప్రస్థం అన్నది ఇలాంటి తేలికదనాన్నే. దాని అర్థం అమ్మానాన్నల్ని ఇంట్లోంచి పంపేయమని కాదు సుమా! అధికారం, పట్టుదల వదులుకోవడం పెద్దవాళ్ల వంతు అని.

ఇక పిల్లలకి. మీ మనసులో రాణి గది కట్టడం మొదలైతే దాచకండి. గొడవై, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయే రోజు దాకా ఆగకండి. ముందే కూర్చుని చెప్పండి. ఉన్న ఇంట్లోనే కాస్త చోటు దొరుకుతుందేమో కలిసి చూడండి. దొరక్కపోతే పెద్దల చేతే ముహూర్తం పెట్టించుకుని వెళ్లండి. తీసుకెళ్లేది కొన్నాళ్లకి సరిపడా చాలు, నాన్న దాచుకున్నదంతా కాదు.

ఒక్క విషయంలో మాత్రం మనం తేనెటీగలం కాము. విడిపోయిన ఈగలు తిరిగి పాత పట్టు ముఖం చూడవు. తల్లిని, తండ్రిని దైవంగా చూడమన్న తైత్తిరీయోపనిషత్తు మాట ఒకే కప్పు కింద ఉన్నన్నాళ్లే అని ఎక్కడా లేదు. అద్దె ఇంట్లో పాలు పొంగించిన సాయంత్రమే అమ్మకి ఫోన్ చేయండి. నాన్న బీపీ మాత్రలు అయిపోయాయేమో అడగండి. వేరు కాపురం అధర్మం కాదు, వేరయ్యాక మరిచిపోవడం అధర్మం.

ఈ వారం సాధన ఇదే. ఇంట్లో చెప్పకుండా దాచిన మాట ఒకటి, కోపం లేని వేళ చూసి చెప్పండి. పెద్దలైతే అడ్డు రాకుండా ఆ మాట పూర్తిగా వినండి.

శ్రీకృష్ణార్పణమస్తు.