పిప్పిపన్నును గూర్చిన సత్యము

పిప్పిపన్నును గనిపెట్టు నొక నూతనసాధనము నూటికి తొంబదిమారులు నిజము చెప్పునని యొక పరిశోధకుడు ప్రకటించెననుకొందము. పరీక్షించినది పెఱికి బల్లపై నుంచిన పండ్లనా, బ్రదికియున్నవారి నోటిలోని పండ్లనా? మంచిపంటిని పుచ్చినదన్నది యెన్నిమారులు? ఉన్న పుచ్చును విడిచినది యెన్నిమారులు? ఇవి చెప్పని లెక్క యబద్ధము కాకపోవచ్చును. పూర్ణసత్యము మాత్రము కాదు.

ఇట్టి లోపములను మాన్పుటకే రోగనిర్ణయపరీక్షల నివేదికలకు 2003లో స్టార్డ్ అను నియమావళి వెలసెను. 2015లో దానిని సవరించి 30 అంశములుగా నేర్పఱచిరి. అది గుమాస్తాపని యని కొందఱందురు. మేమట్లు తలంపము. తొలిచివేసిన పంటి పింగాణి మరల మొలవదు. నివేదికను నమ్మి వైద్యుడు తొలుచును. నోరు తెఱచి కూర్చున్న రోగికి దానిని పరీక్షించు శక్తి లేదు. కావున తన సాధనము తప్పిన తావులను దాచక చెప్పుటయే పరిశోధకుని ధర్మము.