పడిగెలోని వంశావళి

వంశచరిత్ర నన్వేషింపఁ బూనిన భద్రాచల ప్రాంతవాసులకు మొదట నెదురగు చిక్కు విచిత్రమైనది: 1860లో నిజాము నుండి ఆంగ్లేయుల వశమై, మధ్యపరగణాలలోఁ జేరి, 1874లో మద్రాసు రాజధానికిని, 1959లో ఖమ్మం జిల్లాకును మారిన యీ తాలూకాలో, తాతముత్తాతలు గుడిసె కదల్పకున్నను, వారి కాగితములు మాత్రము కచేరీ నుండి కచేరీకి వలసపోయినవి. 2014లోఁ గొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌లోఁ గలియుట వేఱొక కథ.

అయినను ఈ ప్రాంతపు గిరిజనులైన కోయలకుఁ గాగితమే ప్రమాణము కాదు. ఒక్కొక్క గట్టు (గోత్రసమూహము) యొక్క పుట్టుపూర్వోత్తరములను చిత్రించిన పడిగె యను గుడ్డపటమును విప్పి, డోలు వాయించుచు, వంశగాథలను గానము చేయు డోలి కోయలు వారికి నడయాడు దస్తావేజులు. అట్టి గాయకుఁడైన సకిని రామచంద్రయ్య గారికి 2022లోఁ బద్మశ్రీ లభించినది, ఆలస్యముగానే యనవలెను.

ఇట్టి నోటిమాటకుఁ జట్టములోను జోటున్నది: 2006 నాఁటి అటవీహక్కుల చట్టము క్రింద వెలువడిన నియమములు వంశవృక్షమును, పెద్దల వాఙ్మూలమును సాక్ష్యములుగాఁ బేర్కొన్నవి. అడవిపై నాధారపడిన గిరిజనేతరులు మూఁడు తరముల, అనఁగా 75 ఏండ్ల, నివాసమును నిరూపింపవలెను. కావున నిచటఁ బూర్వుల పేరు కేవల కుతూహలవిషయము కాదు. పోడుభూమి పట్టాకు నాధారము. సెల్‌ఫోనులో ముసలమ్మ మాటను నిక్షేపించు మనుమఁడు తేదీని, ఊరిని, గట్టును ముందుగా నామె నోటనే చెప్పించుట మేలు.