మచ్చ ఎవరి కంట్లో నలుసు?

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం 1917లో లండన్ దగ్గరి సిడ్‌కప్‌లో ఆసుపత్రి తెరిచారు. అక్కడ సర్జన్ హెరాల్డ్ గిలీస్ బృందం అయిదువేల మందికి పైగా వైద్యం చేసింది. వార్డుల్లో అద్దాలు ఉంచేవారు కాదు. ఊళ్లోకి వెళ్లే దారిలో కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు. వాటిమీద కూర్చున్న మనిషిని చూసి జడుసుకోవద్దని ఊరివాళ్లకు అది ముందస్తు హెచ్చరిక. గాయం సైనికుడిది, జాగ్రత్త ఊరివాళ్ల కోసం!

రెండో యుద్ధంలో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో తిరగేసి ఆలోచించాడు. కాలిన ముఖాలతోనే పైలట్లను ఊళ్లోకి పంపి, తేరిపార చూడకుండా ఉండటం ఊరివాళ్లకే నేర్పాడు.

మరి మచ్చను మేకప్‌తో కప్పుకుంటే నిజాన్ని దాచినట్టా? సిడ్‌కప్ కాలంలోనే పారిస్‌లో అన్నా కోల్‌మన్ లాడ్ అనే శిల్పి పలుచటి రాగి రేకుతో తొడుగులు చేసి, చర్మం రంగు వేసి సైనికులకిచ్చేది. అవి నవ్వేవి కావు, ముడతలు పడేవీ కావు. మేకప్ అలా కాదు. ముఖంతోపాటే కదులుతుంది, రాత్రి కడిగితే పోతుంది. నాట్యశాస్త్రమైతే వేషాలంకరణను ఆహార్యమని అభినయంలోనే చేర్చింది. సన్యాసి విబూది పూసుకున్నా, పెళ్లికూతురు పసుపు రాసుకున్నా అసలు ముఖమేదని ఎవరూ నిలదీయరు. ఆ ప్రశ్న మచ్చ ఉన్నవాళ్లకే ఎందుకు ఎదురవ్వాలి?

నిలదీయాల్సింది గాయం మానకముందే మేకప్ వేసుకోమని తొందరపెట్టేవాళ్లను.

కుట్లు ఉండగా, పక్కు రాలకముందే ఫౌండేషన్ పూస్తే గాయానికి చీము పట్టవచ్చు. ముఖంమీద కుట్లు మామూలుగా వారంలో తీస్తారు. అంతమాత్రాన రంగు వేయొచ్చని కాదు, చర్మం పూర్తిగా మూసుకుని సర్జన్ సరేననాలి. లేజర్‌తో పైపొర తీసినచోట ఇంకా ఆగాల్సి రావచ్చు. పాత స్పాంజి, ఇంకొకరి బ్రష్ వద్దు. సువాసన లేని మేకప్ మేలు. మానిన చర్మం మీది ఎర్రదనాన్ని లేత ఆకుపచ్చ కన్సీలర్ తగ్గించి చూపిస్తుంది. తీసేటప్పుడు రుద్దకూడదు. చామనఛాయ చర్మంలో కొత్త మచ్చ ఎండకు ఇట్టే నల్లబడుతుంది కాబట్టి, గాయం మానాక ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పదు. మచ్చ నెమ్మదించడానికి ఏడాది పట్టినా వింత లేదు.

ఇంట్లో పెళ్లి ఉంటే ఆ సంగతి ఆపరేషన్ తేదీ ఖాయం చేసేటప్పుడే సర్జన్‌కు చెప్పాలి. ఆగగలిగే ఆపరేషన్ అయితే వెనక్కి జరుపుతారు. ఆగలేనిదైతే ముహూర్తమే వెనక్కి జరగాలి. ఆ మాట పెద్దలకు పేషెంటు కాకుండా డాక్టరే చెబితే నయం.