పిడికెడు బియ్యం

పది రకాల బియ్యం కలిపి ఒకే గిన్నెలో వండితే అన్నం ఎలా వస్తుందో మీకెప్పుడైనా అనుభవమైందా? కాకపోతే నా మాట నమ్మండి. కొత్త బియ్యం ముద్దయి కూర్చుంటాయి. పాత బియ్యం పలుకు మీదే ఉంటాయి. మధ్యలో రేషను బియ్యం వేరు కాపురం పెట్టినట్టు ఎవరితోనూ కలవకుండా నిలబడతాయి. గంజి ఎప్పుడు వార్చాలో తేలక గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర తెల్లమొహం వెయ్యాలి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలునంటారు చూశారూ, ఆ సామెత చెప్పినావిడ ఎవరో గానీ, పల్లెటూరి పాస్టరు భార్య మాత్రం కాదు.

నేను పాస్టరు భార్యని. 1984లో పెళ్ళయి ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరికి కాపురానికి వెళ్ళాను. ఒంగోలు నుంచి రెండు బస్సులు మారి, ఆఖరి రెండు మైళ్ళూ నడిచి వెళ్ళాలి. ఊరికి ఎడంగా పల్లె, పల్లె చివర వేపచెట్టు, చెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అదే మా గుడిగంట. గుడి అంటే పెంకుల కప్పు కింద డెబ్భై మంది ఒద్దికగా కూర్చుంటే సరిపోయే ఒక గది. సంఘం అంటే నలభై గడపలు. అందరూ నాట్లకీ, మిరపకోతలకీ, పొగాకు పనులకీ పోయేవాళ్ళే. అందుకని మా ప్రార్థనలన్నీ రాత్రి ఎనిమిది దాటాకే. సగం మంది "ఆమెన్" అనాల్సిన చోట కునికిపాట్లు పడుతుండేవారు. మావారు చూసీ చూడనట్టు ప్రసంగం కుదించేసేవారు. ఆయనకి మంచి బోధకుడని పేరు రావడానికి అదో కారణమని నా అనుమానం.

జీతమని చెప్పుకోడానికి నెలకింత వచ్చేది. అది పది రోజులు నిలిస్తే గొప్ప. మిగతా ఇరవై రోజులూ మమ్మల్ని బతికించింది పిడికెడు బియ్యం. ఎసట్లో పొయ్యబోయే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తుంది. ఆదివారం నాడు ఆ డబ్బా తెచ్చి గుళ్ళో బుట్టలో ఒంపుతుంది. మా దగ్గరే కాదు, ఎక్కడో మిజోరం కొండల్లో కూడా క్రైస్తవ స్త్రీలు 1910 నుంచీ ఇలాగే పిడికెళ్ళు తీసిపెడుతున్నారట. 1912లో దోర్నకల్లుకి బిషప్పయిన అజరయ్యగారు కూడా, ఎంత బీద పల్లె అయినా తన గుడిని తానే పోషించుకోవాలని పట్టుబట్టినవాడు. అలా నిలిచిందే పంటల పండుగ. ధాన్యం, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, అన్నీ పీఠం ముందుకి వస్తాయి. కోళ్ళకి భక్తి తక్కువ. పాట మధ్యలో అరుస్తాయి.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, వెళ్ళిన కొత్తల్లో ఆ బుట్ట చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. మా నాన్నగారు టౌన్లో బడిపంతులు. బియ్యం బస్తా లెక్కన కొనే ఇంట్లో పెరిగినదాన్ని. నాకంటే బీదవాళ్ళు తమ నోటి దగ్గర కూడు తీసి నా గిన్నెలో వేస్తుంటే, ఎలా తినడం? ఓ రాత్రి మావారినే అడిగేశాను. "ఏమండీ, మనం చేస్తున్నది న్యాయమేనా?"

ఆయన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. "ఏలీయా సారెపతులో విధవరాలిని ఏమడిగాడు? కరువులో, ఆఖరి పిడికెడు పిండితో తనూ బిడ్డా ఒక్క రొట్టె తిని చచ్చిపోదామనుకుంటున్నదాన్ని, ముందు నాకో రొట్టె చేసిపెట్టమన్నాడు" అన్నారు.

"మరి పౌలో? కొరింథులో డేరాలు కుట్టుకుని బతికాడుగా, ఎవరికీ భారం కాకూడదని" అన్నాను. నేనూ ఆదివారపు బడిలో చదువుకున్నదాన్నే.

"అదే పౌలు ఫిలిప్పీవాళ్ళు పంపిస్తే పుచ్చుకున్నాడు" అన్నారాయన. తర్వాత ఇద్దరం ఊరుకున్నాం. బైబిలు అలాంటిది. ఇద్దరు పోట్లాడుకుంటే ఇద్దరికీ చెరో కర్ర అందిస్తుంది.

ఇక 1987 ఎండాకాలం సంగతి. వానల్లేవు, పనుల్లేవు. మా గుడి వెనక ఇంట్లో ఒక అవ్వ ఉండేది. కొడుకూ కోడలూ పనులు వెతుక్కుంటూ వలస వెళితే, ఆరేళ్ళ మనవడితో ఆవిడ ఒక్కత్తే మిగిలింది. పొయ్యి పూటకే రాజుకుంటోందని నాకు తెలుసు. మా రెండిళ్ళకీ మధ్య గోడ లేదు, పొగ దాగదు. అయినా ఆదివారం వచ్చేసరికి ఆవిడ డబ్బా వచ్చేది. ముసలి పిడికిలి చిన్నది. పూటకో పిడికెడు చొప్పున నెలకి లెక్కేసి చూశాను, కిలో దాటదు. 1983లో రామారావుగారి ప్రభుత్వం పెట్టిన రేషను బియ్యం ఖరీదు కిలో రెండు రూపాయలు. అంటే మొత్తం గొడవంతా రెండు రూపాయల గొడవ.

నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. ఓ ఆదివారం డబ్బా తెస్తుంటే గుమ్మంలోనే ఆపి, ఎవరూ వినకుండా, "అవ్వా, వానలు పడేదాకా నువ్వు వెయ్యకమ్మా. దేవుడికి తెలుసులే. పిల్లాడికి వండిపెట్టు" అన్నాను. నా గొంతులో ఎంత దయ ఉందో నాకే వినిపించింది. అవ్వ నా మొహంలోకి చూసి, డబ్బా చెంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారం రాలేదు. పై వారమూ రాలేదు. మూడో వారం నేనే వెళ్ళాను.

గుమ్మంలో కూర్చుని చేటలో ఏదో చెరుగుతోంది. లేవలేదు. "ఏందమ్మగారూ, నా చేతి బియ్యం మీక్కూడా చేదయినయ్యా?" అంది.

నాకు ఆ "మీక్కూడా" అన్న మాట వెంటనే అర్థం కాలేదు. పట్నంలో పెరిగినదాన్ని, నిదానంగా అర్థమైంది. పెద్దిళ్ళ వాకిళ్ళలో అవ్వ నలభై ఏళ్ళు పని చేసింది. కూలి గింజలు ఆవిడ చెంగులో పైనుంచి పోసేవారు, చెయ్యి తగలకుండా. ఆవిడ కోసిన వరి అందరికీ కావాలి, దంచిన మిరపకాయలు కావాలి. ఆవిడ చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు మాత్రం ఎవరూ తాగరు. టీ కొట్లో పల్లెవాళ్ళకి గ్లాసులే వేరు. 1985 జులైలో మా జిల్లాలోనే కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగువు హత్యల దాకా వెళ్ళి అప్పటికింకా రెండేళ్ళు కాలేదు. అలాంటి లోకంలో, ఆవిడ చేతి తిండి పుచ్చుకునే పొయ్యి పల్లె బయట మనుషుల్లో ఒక్కటంటే ఒక్కటి, నాది. దాన్ని నేను మూసేశాను. దయతో మూసేశాను.

మీరిలాంటి దయ ఎరగరా? పుట్టింటికి వచ్చిన బీద చుట్టం పళ్ళు తెస్తే "అయ్యో, నీకెందుకమ్మా ఈ ఖర్చు" అంటాం. ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. కానీ "నీ తాహతు నాకు తెలుసు" అన్నది కూడా అందులోనే ఉంది. పెట్టే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. మనకి ఎప్పుడూ పైచెయ్యే కావాలి. దానికి పుణ్యమని పేరు పెట్టుకున్నాం.

ఆ రాత్రి మావారు నన్నేమీ అనలేదు. వేరే కథ చెప్పారు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడితే, కరువు పని సాగినంతకాలం ఇవ్వనన్నాడు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ళకి రాకూడదని. కరువు తీరాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అయినా "గంజినీళ్ళకి మతం పుచ్చుకున్నారు" అన్న మాట ఈ జనాన్ని వదల్లేదు. మా నాన్నగారి స్నేహితులే మా ఇంట్లో కాఫీ తాగుతూ అనగా విన్నాను. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. ఎవరు ఎవరి గంజి తాగి బతికారో నా వంటింటికి వచ్చి చూడమంటాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి అవ్వ డబ్బా నేనే అడిగి తెచ్చుకున్నాను. మూడు వారాల పిడికెళ్ళూ అందులో ఉన్నాయి. నేను వద్దన్నా తీస్తూనే ఉంది! ఆ మధ్యాహ్నం అవే వండి, ఆవిడ మనవణ్ణి పిలిచి పెట్టాను. అవ్వ అభ్యంతరం చెప్పలేదు. "గుడి ఇల్లుగా, తిననీ" అంది. ఆ వేసవంతా వాడు మా ఇంట్లోనే తిన్నాడు. వాళ్ళవ్వ బియ్యం వాడి కడుపులోకే పోయేవి, కాకపోతే చుట్టు తిరిగి.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ ఒకటి జరిగింది. చాలా ఏళ్ళ తర్వాత ఒక సభలో నేనీ సంగతి చెబితే, వేరే ఊరి బోధకుడొకాయన దీన్ని తన ప్రసంగంలో కలుపుకున్నాడు. మైకు పట్టుకుని, "చూశారా, తిండికి లేని ముసలమ్మే ఇచ్చింది, మీకేమొచ్చింది? దశమభాగం ఏదీ?" అని కూలిజనాన్ని నిలదీస్తుంటే నా చెవులతో విన్నాను. కడుపులో దేవినట్టయింది. నా అవ్వ పిడికిలి ఆయన చేతిలో కొరడా అయింది.

అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయనా తీసుకున్నాడు, మేమూ తీసుకున్నాం. తేడా ఏముంది? మావారు నెలకోసారి గుళ్ళో లెక్క చదివేవారు. ఎన్ని మానికలు వచ్చాయి, ఎన్ని మా ఇంటికి, ఎన్ని బాలింతరాలికి, అన్నీ. అదొక తేడా. అవ్వ పొయ్యి రాజిందో లేదో మాకు తెలుసు. అదింకో తేడా. అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోదు. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు చూశాడు, మెచ్చుకున్నాడు. కానీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపలేదు. చిన్నప్పుడది మెప్పు కథగా చదువుకున్నాను. ఇప్పుడు చదివితే, ఆ సాయంత్రం ఆమె ఏం తిన్నదో ఎవరూ రాయలేదేమిటా అనిపిస్తుంది. మావారుంటే ఏదో జవాబు చెప్పేవారు, ఒక గంట ఆలోచించి.

ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గరుంటున్నాను. ఇక్కడ సోనామసూరి తప్ప వండరు. ఏ మెతుకు పట్టుకున్నా ఒకటే. పోయిన సంక్రాంతికి మా పనమ్మాయి స్టీలు డబ్బాలో అరిసెలు తెచ్చింది. మా కోడలు మంచిపిల్ల. "అయ్యో, ఎందుకమ్మా ఈ శ్రమ, పిల్లలకి ఉంచుకోకపోయావా" అంటూ డబ్బా పక్కన పెట్టబోయింది. "ఇలా తే" అన్నాను. నాకు పళ్ళు సరిగా లేవు, షుగరుంది. అయినా ఆ అమ్మాయి చూస్తుండగానే ఒకటి తిని, రెండోది తీసుకున్నాను.

పాకం కాస్త ముదిరింది. ఆ మాట కూడా చెప్పాను. "ఈసారి మీరే దగ్గరుండి పట్టించండి మామ్మగారూ" అని నవ్వింది.